తాళాలిచ్చాక ఒక్కసారి వచ్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ పథకంలో వచ్చిన మా ఇంటి వంటగది పైకప్పు మీద కంచమంత మరక ఉంది. మొదట్లో అరచేయంత ఉండేది. ఇప్పుడు అంచుల్లో తెల్లగా ఉప్పు పొంగింది, మధ్యలో పెచ్చు ఊడి ఇనుప చువ్వ కనిపిస్తోంది. అసలే మన విశాఖది ఉప్పుగాలి, చువ్వ బయటపడితే తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. ట్యాంకు నుంచి దిగే పైపు పై ఇంటి గోడలోంచి వస్తుంది, కారేది అక్కడే. ప్లంబర్‌ని రెండుసార్లు తీసుకొచ్చాం. తలుపు తీస్తే గంట పని అన్నాడు. తీసేవాళ్లు లేరు, ఆ ఇంటికి తాళం వేసి ఏడాది దాటింది.

ఈ ఉత్తరం ఇల్లిచ్చినవాళ్ల మీద కోపంతో రాయడం లేదు. మా అమ్మ ఎంవీపీ కాలనీలో ఇళ్లలో పనిచేసి మమ్మల్ని పెంచింది. పెదజాలారిపేట దగ్గర రేకుల గదిలో అద్దెకుండేవాళ్లం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఆ రేకులు ఎగిరిపోతే పక్కవాళ్ల డాబాలో తల దాచుకున్నాం. అందుకే మధురవాడ అవతల ఈ ఇల్లు వచ్చినప్పుడు అమ్మ వీధంతా పంచదార పంచింది. శ్లాబు విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పై ఇంటావిడ చేపలమ్ముతుంది. లీకేజీ సంగతి చెబుదామని ఆమెను వెతుక్కుంటూ హార్బర్ వైపు వెళ్లాను. ఇరుకు సందులో చిన్న గది, అద్దెకి. సొంతిల్లు పెట్టుకుని ఇక్కడెందుకమ్మా అంటే, "తెల్లారగట్ల మూడింటికి అక్కణ్నుంచి హార్బరుకి ఆటో ఎవుడొస్తాడమ్మా? వచ్చినా నా గంపలో మిగిలిందంతా ఆడి చేతిలోనే పెట్టాలి" అంది. లెక్క వేస్తే ఆమె మాటే నిజం. చేపల వేలంపాట టైముకి అక్కడ లేకపోతే ఆ రోజు బేరం లేనట్టే. ఇల్లు అద్దెకిద్దామంటే పట్టా రద్దు చేస్తారని భయం. అందుకే తాళం వేసి కూర్చుంది.

మా బ్లాకులో ఉన్నవి పదహారు ఇళ్లు. ఐదు తాళాలు, మూడింట్లో అద్దెవాళ్లు. మోటారు వైండింగ్ కాలిపోయినప్పుడు చందా ఎనిమిది ఇళ్ల మీదే పడింది. అద్దెవాళ్లు ఓనర్ని అడగమంటారు, ఓనర్ ఫోనెత్తడు. పది రోజులు బిందెలతో మెట్లెక్కాం. ఫిర్యాదు రాసుకుని ఒక ఆఫీసుకి వెళితే అది ఇంకో ఆఫీసు పని అన్నారు. అక్కడికి వెళితే, ఇళ్లు అప్పగించేశాం, ఇక మెయింటెనెన్స్ మీదే అన్నారు.

ఇది మా ఒక్క బ్లాకు గొడవ అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పది లక్షలకు మించిన నగరాల్లో మురికివాడల్లో ఉండే కుటుంబాల వాటా అన్నిటికంటే ఎక్కువున్నది మన విశాఖలోనే. నూటికి 44 కుటుంబాలు. ఆ లెక్కకి ముందూ తర్వాతా కూడా ఇళ్ల పథకాలు వస్తూనే ఉన్నాయి. 2005లో నగరాల అభివృద్ధికి కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్ఎం వచ్చింది, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో (రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ఇళ్లు లేచాయి. 2022 ఏప్రిల్‌లో సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో నగర పేదలకి లక్షకు పైగా ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, గోడల రంగు మారుతుంది. ఎన్ని ఇళ్లు కట్టాం, ఎన్ని తాళాలిచ్చాం అన్న లెక్క ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. ఆ ఇళ్లలో ఎందరు కాపురముంటున్నారు, ఉండనివాళ్లు ఎందుకు ఉండటం లేదు అన్న లెక్క మాత్రం నా కంట ఎప్పుడూ పడలేదు.

కట్టేటప్పుడు తనిఖీలు లేవని కాదు. ఆవాస్ యోజనలో ఇళ్లకి జియోట్యాగింగ్ ఉంది, అంటే ఏ చోట తీశారో నమోదయ్యేలా ఫొటోలు తీయడం. పునాదికి ఒక ఫొటో, గోడలకి ఒక ఫొటో, శ్లాబుకి ఒక ఫొటో. బయటి సంస్థతో నాణ్యత పరీక్షలూ ఉన్నాయి. మా పైకప్పు మరక బయటపడింది మాత్రం గృహప్రవేశమైన మూడో వానాకాలంలో. దానికి ఫొటో తీసేవాళ్లు లేరు.

దీనికి దారి మన రాష్ట్రంలోనే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో పెట్టిన సామాజిక తనిఖీని 2006లోనే మన ఉమ్మడి రాష్ట్రం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఊళ్లో కుర్రాళ్లే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాసుంది, నీకు ముట్టిందా అని అడిగేవారు. తర్వాత మండల ప్రజావేదికలో అధికారుల ముందే అవన్నీ పైకి చదివేవారు. పల్లెలో చెరువు పనికి చేయగలిగింది నగరంలో ఇళ్ల కాలనీకి ఎందుకు చేయలేం?

జీవీఎంసీకి, అంటే మన నగరపాలక సంస్థకి, ఇది కొత్త ఖర్చు కూడా కాదు. 2019 నుంచి వార్డు సచివాలయాలున్నాయి, వాటిలో వసతుల సంగతి చూసే ఎమినిటీస్ కార్యదర్శులున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ విభాగముంది, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ విద్యార్థుల్ని కలుపుకుని ఏడాదికోసారి ప్రతి కాలనీకీ రావాలి. గోడ, పైపు, మోటారు, మెట్ల లైటు చూడాలి. పనికి ఎంత దూరం వెళ్తున్నారు, ఆటోకి ఎంతవుతోంది, పిల్లల బడి ఎక్కడ అని అడగాలి. తాళం వేసి ఉన్న ఇంటి ఓనర్ని వెతికి పట్టుకుని కారణం రాయాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ రాసింది పట్టా రద్దు చేయడానికి వాడితే ఎవరూ నిజం చెప్పరు. మా పై ఇంటావిడ ఇల్లు అమ్ముకోలేదు, పొట్టకూటి కోసం దూరంగా ఉంటోంది. ఆమెలాంటివాళ్లు ఎందరున్నారో తెలిస్తే తెల్లవారుజామున హార్బర్‌కి ఒక సిటీ బస్సు వేయొచ్చు. హార్బర్ దగ్గర ఖాళీ అయ్యే ఇంటితో మార్పిడికి అవకాశమివ్వొచ్చు. రాబోయే ఇళ్లు ఎక్కడ కట్టాలో నిర్ణయించే ముందు ఆ కాగితాలు ఒకసారి తిరగేయొచ్చు.

తనిఖీలో తేలినవన్నీ బ్లాకు మెట్ల దగ్గర గోడకి అంటించండి. ఏ రిపేరు ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది దాని మీదే ఉండాలి. చదివి, తప్పుంటే మేమే చెబుతాం. చందా వేసుకోవాల్సిన పనైతే వేసుకుంటాం కూడా.

వచ్చేవాళ్లకి ఒక మనవి. సాయంత్రం ఆరు దాటాక రండి. పగలు వస్తే అందరం పనుల్లో ఉంటాం, అన్ని తలుపులకీ తాళాలే కనిపిస్తాయి, అన్నీ ఖాళీ ఇళ్లేనని రాసుకుని వెళ్లిపోతారు.

ఇట్లు
ఒక పాఠకురాలు,
మధురవాడ, విశాఖపట్నం