పండుగ పెట్టెలోంచి మూడు వస్తువులు తీసేశాం

నమస్తే. పండుగ సెన్సరీ కిట్ (పిల్లలు తాకుతూ, చూస్తూ ఆడుకునే వస్తువుల పెట్టె) ఎప్పుడు పంపుతారు, అందులో ఏమేం ఉంటాయి అని అడుగుతున్న అందరికీ కలిపి ఈ ఒక్క జవాబు. ఈసారి పెట్టె చిన్నది. వాటర్ బీడ్స్ (నీళ్లలో ఉబ్బే చిన్న పూసలు), ముందే రంగు వేసిన బియ్యం, బ్యాటరీతో వెలిగే చిట్టి దీపాలు తీసేశాం. ధర కూడా ఆ మేరకు తగ్గించాం. తీసేసినవాటి బదులు ఇంట్లో ఏం చేసుకోవచ్చో కింద రాస్తున్నాం. దాదాపు అన్నీ వంటింట్లో ఉండేవే. అవి చేసుకుని మా కిట్ కొనకపోయినా మాకేం బాధ లేదు.

ముందు వాటర్ బీడ్స్ సంగతి. చూడ్డానికి ముత్యాల్లా ముద్దుగానే ఉంటాయి. కానీ నీళ్లు పీల్చుకుని తమ బరువుకి వంద రెట్లు, అంతకు మించి కూడా పెరిగే పాలిమర్ అది. పిల్లలు మింగితే కడుపులోకి వెళ్లాక కూడా ఉబ్బి పేగుకి అడ్డం పడగలదు. మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు కూడా. ఆడుకునేటప్పుడు సోఫా కిందకి దొర్లిన పూస నాలుగు రోజుల్లో ఎండి మళ్లీ ఆవగింజంత అవుతుంది. మీ కంటికి ఆనదు గానీ, పాకే పిల్ల చేతికి ఇట్టే దొరుకుతుంది. ప్యాకెట్ మీద 'విషరహితం' అని రాసి ఉన్నా ఈ ప్రమాదం తప్పదు. పాత కిట్‌లోవి మిగిలి ఉంటే గట్టిగా మూట కట్టి చెత్తబుట్టలో వేయండి. సింక్‌లో పోయకండి, పైపులోనూ ఉబ్బుతాయి.

వాటి బదులు సన్న సగ్గుబియ్యం సరిగ్గా సరిపోతుంది. ఒక కప్పు సగ్గుబియ్యానికి 8 కప్పుల నీళ్లు. నీళ్లు తెర్లుతున్నప్పుడే వేయాలి. చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే గింజ విడిపోయి జిగురు గంజి మిగులుతుంది. అడుగంటకుండా కలుపుతూ 10 నుంచి 15 నిమిషాలు ఉడికించి, గింజ మధ్యలో చిన్న తెల్ల చుక్క మిగిలినప్పుడు దించి మూత పెట్టండి. ఇంకో పది నిమిషాల్లో ఆ చుక్క కూడా పోతుంది. జల్లెడలో వంచి, చన్నీళ్లతో రెండుసార్లు కడగండి. ఈ కడగడం మానేస్తే మొత్తం ఒకటే ముద్దవుతుంది. ఒక టీస్పూన్ నూనె కలిపి, రెండు మూడు గిన్నెల్లోకి పంచి, ఒక్కో దాంట్లో రెండు చుక్కల ఫుడ్ కలర్ వేయండి. వేళ్ల మధ్య నుంచి జారిపోతుంటే పిల్లలకి భలే సరదా. నేల మీద పడితే మాత్రం పెద్దవాళ్లు కూడా జారిపడతారు, కింద పాత తువ్వాలు పరవండి. ఏ రోజుది ఆ రోజే పారేయాలి. పెద్ద సైజు సగ్గుబియ్యం వద్దు, సాగే గింజ గొంతుకి అడ్డం పడొచ్చు.

ఇక బియ్యం. పోయిన పండుగకి చేతులూ బట్టలూ ఎర్రగా అయ్యాయని చాలామంది రాశారు. తప్పు మాదే. పూర్తిగా ఆరకముందే ప్యాక్ చేశాం. ఇంట్లో చేసుకుంటే ఆ తొందర ఉండదు: కప్పు బియ్యం, ఒక టీస్పూన్ వెనిగర్, ఐదారు చుక్కల రంగు, మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి రెండు నిమిషాలు ఊపండి. పళ్లెంలో పల్చగా పరిచి రాత్రంతా వదిలేయండి. పొడి రంగైతే ముందు వెనిగర్‌లో పూర్తిగా కరిగించాలి, లేదంటే మచ్చలు మచ్చలుగా అంటుతుంది. తడి ఎక్కువైతే గింజ మెత్తబడి పిండి రాలుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే పిడికెడు తీసుకుని తెల్ల కాగితం మీద రుద్దండి. మరక పడితే ఇంకో పూట ఆరాలి. రెండు రంగులు చాలు. నాలుగు కలిపితే పది నిమిషాల్లో గందరగోళం, పండుగ కళ ఏమీ మిగలదు. బియ్యం బదులు పచ్చి రాజ్మా మాత్రం పోయకండి. పచ్చివి నమిలి మింగితే వాంతులవుతాయి, ముక్కులోకి వెళ్తే తడికి ఉబ్బి బిగుసుకుంటాయి.

చిట్టి దీపాల్లో ఉండేవి బటన్ సెల్స్, అంటే బొత్తాంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. మింగిందని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వెలుగు కావాలనుకుంటే, బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండే టార్చిని పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టేపుతో మూసి, పైన రంగు కాగితం చుట్టండి. గదిలో లైటు తీసేస్తే చాలు.

అన్నీ నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకి జిప్ కవర్ ఆట మంచిది. కవర్లో పావు కప్పు నీళ్లు, పావు కప్పు వంటనూనె, నాలుగు చుక్కల రంగు. గాలి పూర్తిగా తీసి మూసి, ఇంకో కవర్లో పెట్టి, నాలుగు అంచులూ వెడల్పు టేపుతో నేలకి అంటించండి. గాలి మిగిలితే చిన్నారి చేత్తో తట్టినప్పుడు బుడగలా పేలుతుంది, అదే ఎక్కువగా జరిగే తప్పు. శానిటైజర్ జెల్ మాత్రం పోయకండి, కారితే నోట్లోకి ఆల్కహాల్ వెళ్తుంది.

మంచు గడ్డ ఆటకి చిన్న ముక్కలు కాకుండా ఒక గిన్నెడు గడ్డ చేయండి, లోపల పెద్ద బొమ్మలు పెట్టి. ఫ్రీజర్లోంచి తీశాక పది నిమిషాలు బయట ఉంచాలి, లేకపోతే తడి వేళ్లూ నాలుకా దానికి అతుక్కుంటాయి. కరగడానికి గోరువెచ్చని నీళ్లు చెంచాతో పోయనివ్వండి. ఉప్పు చల్లితే తొందరగా కరుగుతుంది నిజమే, కానీ ఉప్పూ మంచూ కలిసి చర్మాన్ని కాలుస్తాయి. ఆడినంతసేపూ పక్కనే ఉండండి.

పెట్టెలో మిగిలినవి: రెండు గరిటెలు, జల్లెడ, గరాటు, మూడు రకాల గుడ్డలు, నాలుగు చెక్క ఆకారాలు, ఆరు పెద్ద పామ్‌పామ్‌లు (మెత్తని నూలు బంతులు), ఆటపిండి. గొంతుకి అడ్డం పడేంత చిన్నవేమీ లేవని చూసుకోడానికి అన్నిటినీ 4.5 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రంలో పెట్టి చూశాం, మెత్తగా ఉండే ఆటపిండి, గుడ్డలు తప్ప ఏదీ అందులోంచి దూరి బయటకి రాదు. ఆటపిండిలో ఉప్పు బాగా ఎక్కువ. కొరికి తినే పిల్లలకీ, ఇంట్లో కుక్క ఉంటే దానికీ అందనీయకండి. ఎండితే నాలుగు చుక్కల నీళ్లతో పిసకండి. నల్లమచ్చ కనిపిస్తే పారేయండి.

మొదటి రోజే అన్నీ బయట పెట్టకండి. ఒక గిన్నె, ఒక గరిటె చాలు. మూడు నిమిషాల్లో కుమ్మరించేసి వెళ్లిపోతే ఆట పాడైనట్టు కాదు, కుమ్మరించడమే వాళ్ల ఆట.

పాత కిట్ అనుకుని ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు రద్దు చేసుకోవచ్చు, డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. ఉంచుకునేవాళ్లు పాప లేదా బాబు వయసు రాయండి. 18 నెలల లోపైతే ఆటపిండి తీసేసి ఇంకో గుడ్డ పెడతాం.