అర్థశాస్త్రం తెలిసిన పిల్ల పరీక్ష ఎందుకు తప్పింది?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివిన నా కూతురు, డిగ్రీలో ‘ఉపాంత వ్యయం’ (మరొక్క వస్తువు తయారీకి అదనంగా అయ్యే ఖర్చు) కాస్తా ‘మార్జినల్ కాస్ట్’గా ఎదురయ్యేసరికి, వ్యాపార అర్థశాస్త్రం పరీక్ష తప్పింది. మోండా మార్కెట్లో చీకటిపడే వేళకు టమాటా ధర ఎందుకు దించుతారో, దించకపోతే కుళ్లిన సరుకుతో కలిగే నష్టమెంతో వేళ్ల మీద లెక్కకట్టే పిల్ల, డిమాండ్ వ్యాకోచత్వానికి, అంటే ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పే కొలతకు, ఇంగ్లీషులో నిర్వచనం రాయలేకపోయింది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించి, అందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థనే నడిపిన హైదరాబాద్ నగరమిది. తెలుగులో ఉన్నత విద్య పాఠ్యపుస్తకాలు తెచ్చేందుకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిందీ ఇక్కడే. అందువల్ల నా కోరిక పెద్దదేమీ కాదని నమ్ముతున్నాను: ప్రశ్నపత్రంలో ప్రతి పారిభాషిక పదాన్నీ రెండు భాషల్లోనూ ముద్రించేలా, మొదటి సెమిస్టర్‌లోనే పదకోశం అందించేలా, దయచేసి ఈ విద్యా సంవత్సరంలోనే ఆదేశాలివ్వండి.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి, సికింద్రాబాద్