వార్షిక నివేదిక: పది నిమిషాల ఆట చాలదు

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది: ఈ రోజుల్లో కళాకారుడి వల్ల ఊరికి ఒరిగేదేమిటి? అప్పుడు పొద్దుపోయి జవాబు వాయిదా పడింది. ఈ ఏడాది మన పనులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి కాబట్టి నివేదికను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

విజయనగరం వాళ్ళం జవాబు కోసం దూరం వెళ్ళక్కర్లేదు. శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు ఎన్నో లెక్క తీయమని అప్పటి మహారాజా ఒక జాబితా రాయించారు. మూడేళ్ళకు 1034 తేలాయి. గురజాడ తన కన్యాశుల్కం నాటకం పీఠికలో ఆ అంకె రాయబట్టి మనకి తెలిసింది. జాబితాను ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. 1892లో ఈ ఊళ్ళో మొదటిసారి ఆడిన కన్యాశుల్కాన్ని మాత్రం నేటికీ ఆడుతున్నారు. పక్కన శ్రీకాకుళంలో 1960ల చివర సుబ్బారావు పాణిగ్రాహి రైతుకూలీల గోడును, జముకు అనే తీగ వాద్యం మీటుతూ చెప్పే జముకుల కథగా కట్టి ఊరూరా వినిపించారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించని సభ్యులు మనలో ఉన్నారు. అయినా చదువురాని మనిషికి తన సంగతి తన మాటల్లో వినబడిందంటే అది ఆ కథ వల్లేనని వాళ్ళూ ఒప్పుకుంటారు. కళాకారుడు ఊరికి చేసే పని ఇది. పని అన్నాక దానికి సమయం ఇవ్వాలి, చోటు ఇవ్వాలి, కూలి ఇవ్వాలి. ఈ మూడింట్లోనూ మన సంఘం ఇన్నాళ్ళూ వెనకబడే ఉంది.

ముందు సమయం సంగతి. తప్పెటగుళ్ళ బృందంలో పదిహేను, ఇరవై మంది ఉంటారు. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, నోట గంగమ్మ పాట. మన సభల్లో ముఖ్య అతిథి వచ్చేలోపు వాళ్ళకి పది నిమిషాలు ఇచ్చేవాళ్ళం. పది నిమిషాల్లో కథ సాగదు కనుక మనిషి మీద మనిషి ఎక్కే విన్యాసం ఒకటి చూపించి దిగిపోయేవారు. ఏళ్ళ తరబడి ఇదే నడిస్తే కుర్రాళ్ళు విన్యాసం మట్టుకే నేర్చుకుంటారు, పాట గురువు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఈసారి వేదిక, అతిథులు, ఉపన్యాసాలు అన్నీ మానేసి ఒక రాత్రంతా ఆటకే వదిలేశాం.

చోటు గురించి ఆ రాత్రి నేర్చుకున్నవి ఇవి. చెక్క వేదిక పనికిరాదు. ఇరవై మంది ఒక్కసారి అడుగేస్తే పలకలు ఊగుతాయి, ఆ దడదడలో గజ్జెల చప్పుడు కలిసిపోతుంది. సిమెంటు నేల మీద గంట ఆడేసరికి మడమలు నొప్పెడతాయి. ముందురోజు నీళ్ళు చల్లి దిమ్మిస చేసిన మట్టి నేల మేలు, సుమారు ముప్పై అడుగుల బారు ఖాళీ ఉంటే సరిపోతుంది. గాజుపెంకులు, మేకులు వెలుతురుండగానే ఏరాలి, ఆడేవాళ్ళు చెప్పుల్లేకుండా ఆడతారు. మైకు తప్పెటకు ఎదురుగా పెడితే రేకు మోతకి సౌండు పగిలిపోతుంది. గురువు పాటకి ఒకటి, వంత పాడేవాళ్ళకి కాస్త వెనగ్గా ఒకటి చాలు, తప్పెటలకి మైకే అక్కర్లేదు. స్పీకర్లు ఆట వైపు తిప్పితే మైకు కూత పెడుతుంది, అవి జనం వైపే ఉండాలి.

జముకుల కథ రికార్డింగులో మొదటి ప్రయత్నం పూర్తిగా పాడైంది. తలుపులు మూసిన గదిలో, ఎదుట ఎవరూ లేకుండా పాడమన్నాం. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోయేసరికి కథకుడు కథను కుదించేశారు, హాస్యం పూర్తిగా పోయింది. రెండోసారి వీధి అరుగు మీద, పెద్దవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి చేశాం, కథ దాని నిడివికి అది సాగింది. జముకు సంగతి కూడా చెప్పాలి. ఒక పక్క తోలు మూసిన డొల్ల అది. తోలు నడిమి నుంచి వచ్చే తీగను లాగి పట్టి మీటుతారు. లాగే బిగువును బట్టి స్వరం మారుతుంది. మంచు పడే రాత్రి తోలు నెమ్ము పట్టి స్వరం దిగిపోతుంది. అప్పుడు సెగకు దూరంగా పట్టి మెల్లగా కాచాలి. తొందరపడి మంట దగ్గర పెడితే తోలు చిట్లుతుంది.

రికార్డు చేసేవారు గుర్తుంచుకోవలసినవి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గొంతు ఎంత లేచినా రికార్డరు మీది ధ్వని సూచిక మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి, కథకుడు ఎప్పుడు కేక వేస్తాడో ముందే తెలియదు. ప్రతి ఫైలు మొదట ఊరు, తేదీ, కథ పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ నోటితో చెప్పించాలి. కాగితం మీద రాసుకున్న వివరం ఫైలు నుంచి విడిపోతుంది, గొంతుతో చెప్పింది పోదు. ఒక ప్రతి ఒకే చోట ఉంటే లేనట్టే, రెండు డిస్కులు రెండు ఇళ్ళల్లో ఉంచాం. ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా, ఎంతవరకు, అన్నది పాడినవాళ్ళనే అడిగి వాళ్ళ గొంతుతోనే రికార్డు చేశాం. పెట్టొద్దన్నవి పెట్టలేదు.

వీణల విషయం. సభ్యుల ఇళ్ళల్లో అటకల మీద పడున్న వీణలను సేకరించి బొబ్బిలి పక్కన గొల్లపల్లి పనివారి దగ్గరికి చేర్చాం. చాలావాటికి కర్రలో లోపం లేదు. పనస కర్ర గట్టిదే, ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ అయితే అతుకు ఊడే బెంగా లేదు. లోపమంతా తీగను నొక్కి పట్టే మెట్ల దగ్గరుంది. 24 మెట్లూ మైనం మీద నిలబడతాయి. ఎండ తగిలే కిటికీ పక్కనో, మే నెలలో తలుపులు మూసిన కారులోనో ఉంచితే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. తీగలు ఎంత బిగించినా స్వరం నిలవదు. పిల్ల తన చెవినే తప్పుపట్టుకుని సాధన మానేస్తుంది. మైనం మళ్ళీ పోసి, ఒక్కో మెట్టునూ చెవితో విని నిలబెట్టాలి. యంత్రం చూసి పెట్టే పని కాదు అది.

దీనితో ముడిపడ్డ మాట ఒకటుంది. ప్రతి సన్మానంలోనూ బొమ్మ వీణ జ్ఞాపికగా ఇస్తున్నాం. పనివారికి ఆ రాబడి అవసరమే, మానమని కాదు. అయితే బొమ్మలే చెక్కుతూ పోతే, వాయించే వీణకు కుండ, అంటే గుండ్రని డొల్ల భాగం, తొలిచే చెయ్యి తరువాతి తరానికి అందదు. అందుకని జ్ఞాపికల ఖర్చులో సగం ఇకమీదట వీణల మరమ్మతుకీ, కొత్త వీణ పురమాయింపుకీ వెళ్ళాలని కార్యవర్గం తీర్మానించింది. దీనికి మీ ఆమోదం కోరుతున్నాం.

ఇక కూలి. ఒక కార్యక్రమంలో మధ్యవర్తి చేతికిచ్చిన సొమ్ము ఆడినవాళ్ళకి పూర్తిగా చేరలేదు. తప్పు మనదే, బృందంలో ఎవరికెంతో రాసుకోలేదు. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఒప్పుకున్న రోజే సగం, మిగతాది తిరుగు బండి ఎక్కేముందు. ప్రయాణం, భోజనం వేరే లెక్క. ఎవరి వాటా వారి ఖాతాకే. ఫోను లేనివారికి నగదు ఇచ్చి వోచరు మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నాం. శాలువా కూలిలోకి రాదు.

కళాకారుల పింఛను దరఖాస్తుల్లో తరచూ వచ్చిన చిక్కు పేరు. ఆధార్‌లో ఒకటి, ఆట పేరు ఇంకొకటి. గుర్తింపు పత్రాల మీద రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూశాకే సచివాలయానికి పంపండి.

బడుల్లో నేర్పే కార్యక్రమం ఈ ఏడాది సాగలేదు. పరీక్షల ముందు మొదలుపెట్టడం మా పొరపాటు. వచ్చే ఏడాది బడులు తెరిచిన నెలలోనే, వారానికి రెండు తరగతులుగా, ఒకే కథ మొదటి నుంచి చివరిదాకా నేర్పేలా పెడతాం.

లెక్కల పుస్తకం, వోచర్లు కార్యాలయంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. మీ ఊళ్ళో జముకు పట్టే పెద్దలుంటే సంక్రాంతిలోగా కార్యదర్శికి కబురు చెయ్యండి. రికార్డింగు పెట్టె, తీసుకెళ్ళే మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
కార్యవర్గం