69వ సెక్షన్‌పై మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పంపిన వినతిపత్రాలకు ముట్టినట్టు రసీదు తప్ప మరేమీ రాలేదు కాబట్టి ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) గురించి, అందులో పెళ్లి చేసుకుంటానని అబద్ధమాడి సంభోగించడాన్ని నేరమనే 69వ సెక్షన్ గురించి మీకు మేం చెప్పేదేముంది, తెచ్చింది మీరే.

పెళ్లి చేసుకుంటానని అబద్ధమాడి తీసుకున్న సమ్మతి సమ్మతేనా, కాదా? వాస్తవం తెలియక పొరబడి ఇచ్చిన సమ్మతి, ఆ సంగతి ఎదుటివాడికి తెలిసి ఉంటే, చెల్లదని 28వ సెక్షన్ అంటోంది. చెల్లకపోతే అది 63 కింద అత్యాచారమే. 2006లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. మీ 69 మాత్రం అదే పనిని అత్యాచారం కిందికి రాని సంభోగమంటూ వేరే గూట్లో పెట్టింది. అత్యాచారానికి 64లో శిక్ష పదేళ్లకు తగ్గదు. 69లో పదేళ్లు దాటదు. ఒకే సంఘటనకు ఏ సెక్షన్ వెయ్యాలో ముందుగా తేల్చేది ఎవరయ్యా అంటే, ఆ పూట డ్యూటీలో ఉన్న ఎస్సై. పెద్ద కోర్టులే తలలు పట్టుకునే ప్రశ్నను ఆయనకు అప్పగించినందుకు ఆయన తరఫున ధన్యవాదాలు.

ఇక రుజువు. మాట తప్పడం వేరు, నిలబెట్టుకునే ఉద్దేశమే లేకుండా మాటివ్వడం వేరని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటకూ ఆమె ఒప్పుకోవడానికీ నేరుగా సంబంధం ఉండాలని 2019లో మళ్లీ చెప్పింది. కాబట్టి దర్యాప్తు మొదలుకావాల్సింది మాటిచ్చిన రోజు దగ్గర. ఆనాటికే అతనికి పెళ్లయిందా? వేరేచోట తాంబూలాలు పుచ్చుకున్నారా? చెప్పిన పేరు, ఉద్యోగం నిజమేనా? కులం వేరని పెద్దలు ఒప్పుకోవడం లేదంటున్నవాడికి ఆ కులం మాటిచ్చిన నాడు తెలియదా? ఫిర్యాదులో ఇవేవీ ఉండవు. 'పెళ్లి చేసుకుంటానని నమ్మించి మోసం చేశాడు' అన్న ఒక్క వాక్యం, ప్రతి స్టేషన్లోనూ అదే. మాట ముందా, దగ్గరవడం ముందా అన్నది కూడా రాయరు. ఆ తేదీలు నాగరిక్ సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ ఎలా సాగాలో చెప్పే చట్టం) 183 కింద మేజిస్ట్రేట్ ముందు ఇచ్చే వాంగ్మూలంలో మొదటిసారి కనిపిస్తే, తర్వాత అల్లిన కథేనని వాదిస్తారు. అదే చట్టం 528 కింద హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనే అర్జీ) వేసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

వాట్సాప్ సంభాషణలదీ ఇదే గతి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఫైలుకు కుట్టేస్తారు. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కు రెండు భాగాలు: ఒకటి దాఖలు చేసేవారు నింపాలి, రెండోది నిపుణుడు. హ్యాష్ విలువ (ఫైలులో ఏదీ మార్చలేదని చూపే కోడు) రాయాలి. అదేమిటో స్టేషన్లో ఎంతమందికి చెప్పారు? ముద్దాయి ఫోను వెంటనే స్వాధీనం చేసుకోకపోతే అవతలివైపు సందేశాలు చెరిగిపోతాయి.

గడువు సంగతి మరీ విడ్డూరం. నాగరిక్ సురక్షా సంహిత 193(2)లో దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలన్నారు. ఆ గడువు వర్తించే న్యాయ సంహిత సెక్షన్లలో 64 నుంచి 68 వరకు ఉన్నాయి, 70, 71 ఉన్నాయి. నడుమ 69 మాయం! మరిచారో, కావాలని వదిలారో మీరే చెప్పాలి.

మోసమంటే ఏమిటో చెబుతూ 69లో 'గుర్తింపు దాచి పెళ్లి' అన్నారు సరే, గుర్తింపంటే పేరా, మతమా, మొదటి పెళ్లా? చెప్పకుండా కండోమ్ తీసేస్తే, జబ్బు దాస్తే ఏ సెక్షనో రాయలేదు. బాధితులు మగవారైతే 69 అసలు వర్తించదు. నిజంగా ప్రేమించి, తర్వాత విడిపోయిన కుర్రాడికి మాత్రం నాన్ బెయిలబుల్ కేసు సిద్ధంగా ఉంది. అస్పష్టత ఇద్దరినీ ముంచుతోంది, అయ్యా.

69 ఎక్కడ మొదలై 63 ఎక్కడ ఆగుతుందో చట్టంలోనే రాయండి. గుర్తింపుకు నిర్వచనం ఇవ్వండి. మాటిచ్చిన తేదీ, అప్పటి పరిస్థితి తప్పనిసరిగా నమోదు చేసేలా స్టేషన్లకు ప్రశ్నావళి పంపేలా చూడండి, దయచేసి. వీటికి సమయం పడుతుందంటే అర్థం చేసుకుంటాం. 193(2)లో 69 అన్న అంకె చేర్చడానికి కమిటీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఈ కేసులు వాదించే న్యాయవాదులం