బోటు తీసుకున్నాం

ఒరేయ్,

ఫోన్లో చెబుదామనుకున్నా కానీ ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదు. చివరికి రెండు పాత మోటారు బోట్ల దగ్గర ఆగామన్నాను కదా. రెండూ 18 అడుగుల ఫైబర్ బోట్లే. రెండింటికీ వెనక బిగించే ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజనే, 115 హార్స్‌పవర్. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. తేడా ఎక్కడంటే, ఒకటి తొమ్మిదేళ్లలో 90 గంటలే తిరిగింది, రెండోది 640 గంటలు.

ఎవరినడిగినా మొదటిదే తీసుకోమంటారు. నేనూ అదే అనుకున్నాను. సీట్లు నిగనిగలాడుతున్నాయి, పిల్లలు ఎక్కి దిగమంటే దిగలేదు. మా ఆవిడ ఒక్కతే అడిగింది, "ఇన్నేళ్లూ ఇది ఏం చేసిందండీ?" అని. ఆ మాట నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు.

ఏడాదికి పది గంటలు తిరిగిందంటే మిగతా కాలమంతా కవరు కింద పడి ఉన్నట్టే కదరా. అలా పడి ఉంటే పాత పెట్రోలు జిగురులా మారి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు పట్టేస్తుంది. ఇంజన్ చల్లబడడానికి నీళ్లు తోడే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఉంటుంది, దాని రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి. అది తోడకపోతే ఇంజన్ వేడెక్కిపోతుంది. పిల్లల్ని, అమ్మని పెట్టుకుని నీళ్ల నడిమధ్య ఆగిపోతే? తలుచుకుంటేనే టెన్షన్.

అందుకే మెకానిక్‌ని తీసుకెళ్లాను. ఆయన ముందు ప్రొపెల్లర్ దగ్గర గేర్ ఆయిల్ స్క్రూ వదులు చేశాడు. మొదటిదాంట్లోంచి నీటిచుక్క జారింది, దాని వెనకే పాలు కలిపినట్టు తెల్లటి ఆయిల్. సీలు పోయి లోపలికి నీళ్లు దిగాయన్నమాట. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఇంజన్ బిగించిన వెనక పలకంతా తట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్... బోల్టుల దగ్గరికి రాగానే దబ్ మంది. ఫైబర్ లోపలి ప్లైవుడ్‌కి చెమ్మ పట్టిందట. 160 కిలోలకు తగ్గని ఇంజన్ వేలాడేది ఆ పలక మీదే!

రెండోదాని ఓనరు ప్రతి సర్వీసూ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నీళ్ల పంపు చక్రం రెండు మూడేళ్లకోసారి మార్చాడు. ముందే వేడెక్కి ఉంటే స్టార్టింగ్ ఇబ్బంది బయటపడదని, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాను, వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. ఒక్క తిప్పుకే అందుకుంది, చల్లబరిచే నీళ్లు సన్నటి ధారగా బయటికి చిమ్మాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే ఒత్తిడి, దాదాపు ఒకటే వచ్చింది. తేడా 10 శాతం దాటకపోతే మంచిదేనట.

ట్రయల్‌కి అమ్మని కూడా కావాలనే తీసుకెళ్లాను. ఆ మోకాళ్లతో ఆమె ఎక్కి దిగలేని బోటు మాకెందుకు? వెనక వెడల్పు మెట్టుంది, నా భుజం పట్టుకుని ఎక్కేసింది.

రెండోదే తీసుకున్నాం రా. సీట్లు రెండుచోట్ల చిరిగాయి, కుట్టిస్తాను. ఏడుగురికి మించి ఎక్కకూడదని బోటుకి బిగించిన ప్లేటు మీద ఉంది. మేం ఐదుగురం, మీకు రెండు చోట్లే మిగిలాయి కాబట్టి మొదటిసారి నువ్వూ పాపా రండి. జవాబులో పాప బరువు మర్చిపోకుండా రాయి. పిల్లల లైఫ్ జాకెట్లు బరువును బట్టే తీసుకోవాలి, మీరొచ్చేలోపు తెచ్చి ఉంచుతాను.

నీ,
నేనే