మా సిస్టర్ల బడి

చిన్నీ,

"అమ్మా, చిన్నప్పుడు మీ బడిలో సిస్టర్లంటే నీకు భయం వేసేది కాదా?" అని ఫోన్లో అడిగావు. బాబును కాథలిక్ స్కూల్లో వేద్దామని నీకుంది, అంత స్ట్రిక్టయితే వద్దని అల్లుడుగారు అంటున్నారు. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే సగంలో నీకేదో పని పడుతుంది. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

భయం వేసేది. లేదంటే అబద్ధమే. స్కేలు దెబ్బలు తిన్నాం, అవి మా మంచికేనని ఇప్పుడు కూడా అనను. కానీ బడి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అది కాదు.

మాది రోడ్డు పక్క బడి. గేటు బయట బస్సుల హారన్లు. లోపల గ్రౌండ్ అనేది పేరుకే, అందరం ఒకేసారి నిలబడితే చేతులు చాపే జాగా ఉండేది కాదు. అందుకని డ్రిల్లు కూడా వంతులవారీగా చేయించేవారు. అంతమంది పిల్లలున్నా గొడవ ఉండేది కాదు. కారణం చెప్తే నవ్వుతావు. మా క్లాస్ సిస్టర్ చేతిలో చెక్కతో చేసిన ఒక చిన్న క్లిక్కర్ ఉండేది. టక్ అంటే లేవాలి, మళ్ళీ టక్ అంటే మోకరించాలి. ఆవిడ నోరు విప్పేవారే కాదు. ఈ పద్ధతి ఎంత పాతదో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో బీద పిల్లల కోసం బడులు పెట్టిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ అనే ఫాదర్ తన టీచర్లకు ఇలాంటిదే ఇచ్చాడట. 1720లో అచ్చయిన ఆయన నియమావళిలో ఏ సైగకు పిల్లలు ఏం చెయ్యాలో రాసి ఉంది. అప్పటిదాకా చాలా బడుల్లో పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి పాఠం చెప్పేవారు. ఈయన బడుల్లోలా గదినిండా పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కరే చెప్పాలంటే గొంతు సరిపోవద్దూ మరి!

మధ్యాహ్నం 12కి పక్కనున్న చర్చి గంట మోగేది. మూడు, కాస్త ఆగి మూడు, మళ్ళీ మూడు, ఆ తర్వాత వరుసగా తొమ్మిది. ఎక్కడివాళ్ళం అక్కడే లేచి మరియమాతను తలచుకునే త్రికాల జపం చెప్పాలి. అది సరిగ్గా లెక్కల పీరియడ్. బోర్డు దగ్గరికి నీ వంతు వచ్చే వేళకు ఆ గంట మోగిందనుకో, అంతకంటే పెద్ద మహిమ ఇంకొకటి లేదు. జపం అయ్యేసరికి సిస్టర్ కోపమూ దిగిపోయేది.

ఒకసారి సెలవులయ్యాక బడికి వెళ్తే సిస్టర్లందరి ముసుగులూ చిన్నవైపోయాయి. నుదుటి మీద జుట్టు కనిపిస్తోంది! వాళ్ళకూ జుట్టుంటుందని మాకెవరికీ తట్టనే లేదు. ఆ పూట పాఠం ఎవరు విన్నారు? కాథలిక్ పద్ధతులను కాలానికి తగ్గట్టు మార్చాలని రోములో బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1962లో మొదలై 1965లో ముగిసింది. ఆ మార్పులు మెల్లగా మా దాకా వచ్చాయన్నమాట. మీ అమ్మమ్మ చిన్నప్పుడు చర్చిలో పూజ మొత్తం లాటినే, మా నాటికి అర్థమయ్యే భాషలోకి వచ్చింది. "అర్థం కానప్పుడే భక్తి ఎక్కువుండేది" అని అమ్మమ్మ చివరిదాకా సణిగేది.

నాకు అన్నిటికంటే ఇష్టం పునీతుల పండుగలు, అంటే సెయింట్ల పండుగలు. మాకు క్యాలెండర్లో ప్రతి తేదీకీ ఒక కథ ఉండేది. ఫిబ్రవరి 3 పునీత బ్లెయిస్ పండుగ. ముల్లు గొంతుకు అడ్డం పడిన పిల్లాణ్ణి ఆయన బతికించాడని కథ. ఆ రోజు రెండు కొవ్వొత్తులను అడ్డంగా కలిపి పట్టుకుని ఫాదర్ మా గొంతుకు ఆనించి ఆశీర్వదించేవారు. చల్లటి మైనం గవదకు తగలగానే కితకితలు. నవ్వు ఆపుకోలేక లైన్లో వెనకవాళ్ళం కూడా చచ్చేవాళ్ళం. ఈస్టర్ ముందు ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు, నిరుటి మట్టల ఆదివారం నాడు పంచిన మట్టలు ఇంటి నుంచి తెమ్మనేవారు. వాటిని కాల్చిన బూడిదే మా నుదుళ్ళ మీదికి వచ్చేది. పెన్సిల్ పోతే, పోయిన వస్తువులు దొరికేలా చేసే పునీత అంతోనివారిని వేడుకునేవాళ్ళం. పరీక్షలకు పునీత కుపర్తినో జోసఫ్. ఆయనకు చదువు సరిగ్గా వచ్చేది కాదట, పరీక్షలో తనకొచ్చిన ఒక్క వాక్యమే అడిగారట. మొద్దబ్బాయిలందరూ ఆయన్నే పట్టుకునేవారు! పేపరు పైన మధ్యలో జె.ఎం.జె. అని రాసేవాళ్ళం, యేసు, మరియ, యోసేపు అని. కింద జవాబులు లేకపోయినా ఆ మూడక్షరాలు మాత్రం గుండ్రంగా ఉండేవి.

మొదటి పాపసంకీర్తనం రోజు, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే రోజు, ఇంకా తమాషా. ఎనిమిదేళ్ళ పిల్లలకు పాపాలెక్కడివి? లైన్లో నిలబడి హోంవర్క్ కాపీ కొట్టినట్టు ఒకరి పాపాలు ఒకరం అడిగి తీసుకున్నాం. నా వెనకమ్మాయి "అబద్ధాలాడాను అని చెప్తా, ఎన్నిసార్లంటే బాగుంటుంది?" అని గట్టిగానే అడిగింది. లోపల ఫాదర్‌కు వినిపించే ఉంటుంది. ఆ రోజు అందరికీ ఒకే శిక్ష పడింది, మరియమాతకు చెప్పే మంగళవార్త జపాలు మూడు.

బడి వెనక రాళ్ళతో కట్టిన లూర్దుమాత గుహ ఉండేది. మార్కులు తక్కువొచ్చి ఏడ్చే పిల్లల్ని ఒక ముసలి సిస్టర్ అక్కడికి తీసుకెళ్ళేవారు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత దర్శనమిచ్చిన బెర్నదెత్త అనే పిల్లకు పద్నాలుగేళ్ళు. చదవడం రాదు, సత్యోపదేశం, అంటే మతపాఠాలు, వంటబట్టక తోటి పిల్లలతో పాటు పూజలో ఇచ్చే సత్ప్రసాదం కూడా తీసుకోలేకపోయింది. ఈ కథ చెప్పి, "క్లాసులో ఫస్టొచ్చిన పిల్లకు కాదుగా కనిపించింది?" అనేవారు ఆవిడ. లెక్కలు తప్పిన ప్రతిసారీ నాకు ఆ మాటే ధైర్యం.

ఇక బాబు సంగతి మీ ఇద్దరి ఇష్టం. అన్ని కాథలిక్ స్కూళ్ళూ ఒకేలా ఉండవు, మా బడిలోనే ఇద్దరు సిస్టర్లు ఒకేలా ఉండేవారు కాదు. ఫీజులూ రిజల్ట్సూ తర్వాత కనుక్కుందువు. ముందు ఒకరోజు ఇంటర్వెల్ టైముకు వెళ్ళి కాసేపు నిలబడు. సిస్టర్ ఎదురొస్తే పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారో, చెయ్యి పట్టుకోవడానికి పరిగెత్తుతున్నారో చూడు. అల్లుడుగారిని కూడా వెంట తీసుకెళ్ళు, నువ్వొచ్చి చెప్తే నమ్మరు.

ఉంటాను,
అమ్మ