రంగుల బొమ్మలు సరే, మనుషుల వేడి ఎక్కడ?

సంపాదకుడికి,

సభామందిరాలు, పరీక్ష హాళ్లు, వెయిటింగ్ హాళ్ల ప్లాన్లతో పాటు గాలి ఎలా కదులుతుందో కంప్యూటర్ లెక్కతో చూపే సిమ్యులేషన్ బొమ్మలనూ జతచేస్తున్నారు. ఎరుపు, నీలం రంగులు చూసి సరేననడం తేలికే. లోపల కూర్చునే జనం వేడిని లెక్కలో ఎలా వేశారని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఫలితం తారుమారయ్యేది అక్కడే.

24 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. అందులో గదిని నేరుగా వేడెక్కించేది 70 వాట్లే. మిగతా 30 చెమట, ఊపిరి ఆవిరిగా పోతుంది. దాన్ని సిమ్యులేషన్‌కు గంటకు 45 గ్రాముల తేమగా ఇవ్వాలి తప్ప వేడిలో కలపకూడదు.

ఆ 70లోనూ ఇంచుమించు సగం రేడియేషన్‌గా, అంటే గాలిని వేడిచేయకుండా కిరణాల రూపంలో, గోడలకూ నేలకూ చేరుతుంది. సిమ్యులేషన్‌లో దీన్ని లెక్కగట్టే భాగాన్ని (రేడియేషన్ మోడల్) ఆన్ చేయకుండా మొత్తం 70 వాట్లనూ ఒంటి మీద పెట్టేస్తే, తల మీంచి లేచే వేడిగాలి ధారకు నిజంలో లేని బలం వస్తుంది. చెడుగాలి పైకి పోతున్నట్టు, కింద చల్లగా ఉన్నట్టు బొమ్మ వస్తుంది. మోడల్ వాడకపోతే ఒంటి మీద 35 పెట్టి, మిగతా 35 చుట్టూ ఉన్న ఉపరితలాలకు పంచాలి.

ఇంకో పొరపాటు చూడ్డానికి చిన్నదే. రేడియేషన్ మోడల్ ఆన్‌లోనే ఉంది, ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లు అనుకుంటే 70 వాట్లకు చదరపు మీటరుకు 39 వాట్లు పడుతుంది. మనిషి బదులు 1.2 చదరపు మీటర్ల పెట్టె గీసి అదే 39 ఇస్తే చేరేది 47 వాట్లే. మూడో వంతు జనాన్ని బయటికి పంపినట్టే!

500 మందికి 35 కిలోవాట్లు. గాలి 8 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతే, ఒక్క జనం వేడికే సెకనుకు సుమారు 3.6 ఘనపు మీటర్ల గాలి కావాలి. కాలిక్యులేటర్‌తో తేలే ఈ లెక్కకు సిమ్యులేషన్ పొంతన కుదరకపోతే బొమ్మ చూడనక్కర్లేదు. ఏసీ ఆగి హాలు 35 డిగ్రీలకు చేరిన పరిస్థితికి ఈ 70 కూడా పనికిరాదు. అప్పుడు ఒళ్లు వేడిని వదిలేది దాదాపు అంతా చెమటగానే.

అందుకే అనుమతి ఇచ్చేవారు ఒక పేజీ అదనంగా అడగాలి: ఎంతమంది, తలకు ఎన్ని వాట్లు, ఆవిరి ఎంత, రేడియేషన్ ఎటు పోయింది, లోపలికిచ్చిన వేడి బయటికెళ్లే వేడితో సరిపోయిందా. ఆ పేజీ లేని రిపోర్టును వెనక్కి పంపాలి.

— ఒక వెంటిలేషన్ ఇంజనీరు